మగ్గం గుంటలో నీళ్ళు

పడిపోవడానికి మూడేళ్ళ ముందు వరహాలమ్మ ఇంటికి జ్ఞాపకం వచ్చింది. ఇల్లు మనకు జ్ఞాపకం రావడం అందరికీ తెలిసినదే. ఇంటికే జ్ఞాపకం రావడం మాత్రం గరువుపేటలో ఆవిడ ఇంటితోనే మొదలు. ఆ జ్ఞాపకాన్ని తెచ్చి గోడలో పెట్టింది ఎవరో పరాయి మనిషి కాదు, స్వయానా ఆవిడ చెల్లెలి కూతురు కుసుమ.

కుసుమ విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పనిచేసేది. ఒకనాడు ఉదయం బస్సు దిగి, చంకలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని వచ్చింది. మూత తీస్తే లోపల బూడిదరంగు గింజలు, గసగసాలకన్నా కాస్త పెద్దవి. వాటిని సున్నంలో ఇసకతో కలిపి, సముద్రం వైపు గోడకూ, మగ్గం వెనక గోడకూ అడుగునుంచి నడుం ఎత్తువరకూ తనే మెత్తింది. చదువుకున్న పిల్ల తాపీ పట్టుకోవడం చూసి వరహాలమ్మకు ఒకపక్క నవ్వు, ఒకపక్క జాలి.

"ఇదేం పంటే తల్లీ? మొలకొస్తదా?"

"రేపు చెప్తాను పెద్దమ్మా. ఇప్పుడు చప్పట్లు కొట్టు."

వరహాలమ్మ కొట్టింది. అంతలో మగ్గం మీదున్న ఆవిడ భర్త సింహాద్రికి దగ్గొచ్చింది. మర్నాడు కుసుమ ఇస్త్రీపెట్టెలాంటి ఒక యంత్రాన్ని గోడకి ఆనించి మీట తిప్పింది. గోడలోంచి చప్పట్లు, ఆ వెనకే దగ్గు.

"ఓలమ్మో! నా దగ్గింత ఘోరంగా ఉంటదేటే?" అన్నాడు సింహాద్రి బిత్తరపోయి.

"ముప్పయ్యేళ్ళుగా నేను వింటన్నాను మావా. నువ్వివాళ విన్నావు."

కుసుమ నవ్వి చెప్పింది. ప్రతి గింజా తనకు తగిలిన చప్పుడునూ, అదురునూ, తడినీ, ఏ రోజు ఏ గంటకు తగిలిందో ఆ లెక్కన దాచుకుంటుంది. చెరపడం దానికి చేతకాదు. సముద్రపుటొడ్డున ఇల్లున్నవాళ్ళు బీమా కట్టాలంటే ఇకమీదట గోడలో ఈ గింజ ఉండాలట. అలా అని సంచీలోంచి బీమా కాగితం తీసి చదివింది.

"నిప్పంటుకుంటే ఇస్తారు. పిడుగు పడితే ఇస్తారు. తుఫాను, వరద, భూకంపం, అన్నిటికీ ఇస్తారు. చెట్టు విరిగి మీద పడినా, లారీ వచ్చి గుద్దినా, అల్లర్లలో ఎవరైనా పగలగొట్టినా ఇస్తారు."

"మంచోళ్ళే పాపం."

"ఇవ్వనివి వెనక పేజీలో ఉన్నాయి పెద్దమ్మా. ఇల్లు పాతబడి పడిపోతే ఇవ్వరు. చెదలు తింటే ఇవ్వరు. గోడ మెల్లగా కుంగి బీటలిస్తే ఇవ్వరు. ఇంటివాళ్ళు తెలిసి చేసిన నష్టానికి ఇవ్వరు. మగ్గం పనిసామాను కిందికొస్తుంది, దానికీ ఇవ్వరు. సముద్రం గానీ ఏరు గానీ నేలని కోసుకుపోతే ఇవ్వరు. అసలు నేలకే బీమా లేదు. ఇంటికే."

"నేల లేకుండా ఇల్లెక్కడ నిలబడతదే? దండెం మీద ఆరేసుకోవాలా?"

ఈసారి కుసుమ నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకపోవడానికి కారణముంది. పదేళ్ళ వయసులో ఒక తుఫానులో, ఒక్క పూటలో, వాళ్ళిల్లు నేలమట్టమైంది. బీమావాళ్ళ తరఫున చూడ్డానికి వచ్చినాయన గోడమొదలు చెప్పుకాలితో తట్టి, దీన్ని సముద్రం ముందునుంచే తింటోంది, తుఫాను మీద పెట్టకండి అని రాసేసి పోయాడు. వాళ్ళమ్మ రత్తమ్మ కాదు బాబూ కాదు బాబూ అంటూ ఆయన మోటారుసైకిలు వెనక ఊరిచివరిదాకా పరిగెత్తింది. పడగొట్టింది తుఫానేనని ఇంకెవరు చెప్పాలి? పడిపోయిన ఇల్లు చెప్పలేదుగా. ఇల్లే చెప్పగలిగితే బాగుండునన్న ఆ పదేళ్ళ పిల్ల కోరికే పెరిగి పెద్దదై ఈ గింజైంది.

"ఇంక ఎవరూ అబద్ధం రాయలేరు పెద్దమ్మా," అంది డబ్బా మూతపెడుతూ.

*

ఆ మరుసటేడు సింహాద్రి పాదాలు మొద్దుబారాయి. చక్కెర జబ్బు. కాల్లో చేపముల్లు దిగి రెండురోజులున్నా తెలియలేదాయనకి. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ కాళ్ళు తడిలో నానకూడదు, నానితే పుండు పడుతుంది, పుండు పడితే కాలు తీసెయ్యాలి అని.

ఆయన్ని ఆస్పత్రి బల్లమీద కూర్చోబెట్టి, మందులిచ్చేలోపు వరహాలమ్మ కుసుమ పనిచేసే చోటు చూడ్డానికి వెళ్ళింది. అక్కడ మంచమంత పొడుగు గాజుతొట్టెలో నీళ్ళు, నీళ్ళలో ఇసక, ఇసకలో పక్కపక్కనే జానెడు ఎత్తు గోడలు రెండు. ఒకవైపు రేకు ఒకటి ఊగుతూ కెరటాలు పుట్టిస్తోంది.

"పాపం, అదేం తప్పు చేసిందని దాన్నలా కొడతన్నావే?"

"కుడిచేతి గోడ చూడు పెద్దమ్మా." కుసుమ మీట నొక్కితే పెద్ద కెరటం లేచి కుడిగోడని ఒక్క దెబ్బకి పడగొట్టింది. ఎడమగోడ మొదట్లో మాత్రం సన్నటి నీరు నాకుతూ ఉంది. "దీన్ని నలభైరోజులుగా ఇలాగే ఉంచాను. ఇవాళో రేపో పడిపోతుంది. పడ్డాక రెండూ ఒకేలా ఉంటాయి. గింజకి మాత్రం తేడా తెలుసు."

వరహాలమ్మ ఎడమగోడ దగ్గర చాలాసేపు వంగి చూసింది. అది నిలబడే ఉంది. కిందనున్న ఇసక మాత్రం రవ్వంత, రవ్వంత, పోతూనే ఉంది.

"రెండూ చచ్చేవే కదే. ఒకదానికే దినం పెడతారా?"



*

వాళ్ళది జామ్దానీ నేత. మగ్గానికి ఇద్దరు కూర్చోవాలి. నేలలో నడుంలోతు గుంట తీసి, గట్టుమీద మొగుడూపెళ్ళాం పక్కపక్కనే కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, పడుగు మీద ఒక్కొక్క బుటా వేళ్ళతో ఎత్తాలి. సింహాద్రికి కాళ్ళలో స్పర్శ పోయినా వేళ్ళలో పనితనం పోలేదు. పొద్దున్నే కర్రపుచ్చుకుని వచ్చి, కూర్చునే ముందు ఒకటే మాట అడిగేవాడు.

"గుంట పొడిగా ఉందా వరాలూ?"

"పొడిగానే ఉంది మావా. కూర్చో."

మొదట్లో అది నిజమే. ఒక చలికాలం ఉదయం తుడుద్దామని గుంటలోకి దిగిన వరహాలమ్మ కాలికి చల్లగా తగిలింది. అడుగున అరంగుళం నీరు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు.

సముద్రం అప్పటికి రెండో వీధి తినేసి వీళ్ళుండే మూడో వీధికి బారెడు దూరంలో ఉంది. వాకిట్లోంచి రావాల్సినది ఇసక కిందనుంచి వచ్చేసింది. ఊళ్ళో మిగతా ఇళ్ళ కిందా అదే ఊట. వాళ్ళకి గుంట లేదు, కనబడలేదు. సాలెవాళ్ళ ఇంట్లో మాత్రం నేలకి నోరు తెరిచి ఉంటుంది.

చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. ఆయన మగ్గం దిగిపోతాడు. దిగితే మళ్ళీ ఎక్కడు. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయే మనిషవుతాడు. తన మామగారు అలాగే పోయాడు. అందుకని ఆయన లేవకముందే, తొలికోడి కూసే వేళకి, ఆవిడ చెంబూ ఇనపతట్టా పట్టుకుని గుంటలో దిగేది. చెంబుతో తోడి తట్టలో పోసి, తట్ట నిండగానే, ఇరుగుపొరుగు చూడకుండా వెనక గోడ పక్కనే పారబోసేది. పాతచీర ముక్కతో అడుగంతా అద్ది, పొయ్యిలో బూడిద చల్లేది. అప్పుడు ఆయన్ని లేపేది. అరంగుళం జానెడైంది. నాలుగు తట్టలు నలభై అయ్యాయి. ఆవిడ నడుం పట్టేసింది, గోళ్ళు పుచ్చిపోయాయి. పదకొండు నెలలు ఒక్కరోజు తప్పలేదు.

ఒకసారి పక్కింటి నూకరత్నం గోడ మీంచి తొంగిచూసి, "తెల్లారకుండా ఏటి వదినా ఆ పారబోతలు?" అంది.

"కుడితిలే," అంది వరహాలమ్మ.

"మీకు గేదెలెక్కడివి?"

"రేపు కొంటాం. ముందు కుడితి అలవాటు చేస్తన్నాను."

నూకరత్నం నవ్వుకుంటూ పోయింది.

*

కార్తీకంలో తుఫాను వచ్చింది. రెండురోజులు తుఫాను షెల్టర్లో కూర్చుని తిరిగొచ్చేసరికి మూడో వీధిలో పన్నెండిళ్ళు లేవు. వరహాలమ్మ ఇంటికి ముందుగది, వంటిల్లు పోయాయి. మగ్గం గదీ, దాని వెనక గోడా, పైన సగం కప్పూ మిగిలాయి. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాన్ని చూసి సింహాద్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపయ్యాక ఇద్దరూ అనుకున్నది ఒకటే. బీమా వస్తే మెరక మీద, రైలుకట్ట అవతల, ఒక్క గదైనా వేసుకోవచ్చు. ఒక్క గది, అందులో ఒక గుంట. అంతకుమించి వాళ్ళకేమీ అక్కర్లేదు. అది రాకపోతే షెల్టర్లోనే బతుకు. అక్కడ సిమెంటు గచ్చు, గుంట తవ్వనివ్వరు.

అయిదోరోజున బీమా సర్వేయరు ఫణీంద్ర వచ్చాడు. గింజని అడుగుతున్న మొదటి తుఫాను కాబట్టి యంత్రంతో కుసుమే వచ్చింది. ఆ సర్వేయరు చెడ్డమనిషేం కాదు. మగ్గం గది గుమ్మంలో చెప్పులు విప్పాడు, ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. ముందు మిగతా పన్నెండిళ్ళ శిథిలాలు విన్నారు. చివరికి ఇక్కడికొచ్చారు.

కుసుమ యంత్రాన్ని వెనక గోడకి ఆనించింది. గాలి ఊళ, రేకులు లేచిపోతున్న చప్పుడు, ఆ తర్వాత గుండె జారిపోయే ఒక్క దెబ్బ. ముందుగది పడిపోయిన దెబ్బ. కుసుమ మొహం వెలిగింది. "విన్నారుగా. తుఫానే."

"విన్నానండి. రూలు ప్రకారం ఏడాది వెనక్కి కూడా వినాలి కదండి," అన్నాడు ఫణీంద్ర.

కుసుమ మీట వెనక్కి తిప్పింది. కోడికూత. చెంబు గుంట అడుగుకి రాసుకున్న చప్పుడు. నీళ్ళ గలగల. కాసేపాగి, గోడ మొదట్లో ధబ్బుమని తట్టెడు నీళ్ళు. మళ్ళీ చెంబు. మళ్ళీ ధబ్బు. ఒక ఆడమనిషి ఆయాసం. ఆఖరున గోడలోంచి వరహాలమ్మ గొంతే, హుషారుగా: "పొడిగానే ఉంది మావా. కూర్చో."

ఇంకోరోజుకి తిప్పింది. అదే. ఇంకో నెలకి తిప్పింది. అదే. చప్పుడుతోపాటు యంత్రం తడినీ చూపించింది. గోడ అడుగునుంచి తడి, దాని మీద ఉప్పు, పదకొండు నెలలుగా నెలకి వేలెడు పైకి. 

స్టూలు మీద కూర్చున్న సింహాద్రి తలెత్తాడు. "రోజూ పొడిగా ఉందన్నావు."

"తుడిచాక పొడిగానే ఉండేది మావా."

"ఎన్ని తట్టలు?"

"ఎవరు లెక్కెట్టారు!"

ఫణీంద్ర తల వంచుకునే మాట్లాడాడు. "అమ్మా, తుఫాను కొట్టేనాటికే నేల పోయింది. నేల కోతకి బీమా లేదు. పైగా గోడ మొదట్లో నీళ్ళు ఇంటివాళ్ళే పోశారు, అది తెలిసి చేసిన నష్టం కిందికొస్తుంది. నన్నేం చెయ్యమంటారు?"

"ఇంటిని నిలబెట్టడానికి తోడానయ్యా. పడగొట్టడానికి కాదు."

"నిజమేనమ్మా. కానీ ఎందుకు తోడారన్నది కాగితంలో ఉండదు." ఆ మాట అనేసి, ఫొటోలు తీయాలంటూ బయటికెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే కుసుమ సంచీలోంచి ఉలి తీసింది.  "పెద్దమ్మా, నీ చెంబు విన్న గింజలు ఈ మూలే ఉన్నాయి. మూరెడు పెచ్చు. తుఫానులో రాలిపోయిందంటాను. ఇంకా రిపోర్టు రాయలేదు."

వరహాలమ్మకు మొహమాటం లేదు. "కొట్టెయ్యవే మరి! చూస్తావేంటి?"

కుసుమ ఉలి గోడకి ఆనించింది. ఆనించి ఆగిపోయింది.

"మళ్ళీ ఏమైందే?"

"ఉలి చప్పుడు మిగతా గింజలు వింటాయి పెద్దమ్మా. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఒక్క ఇంట్లో గింజని ముట్టుకున్నట్టు తేలితే ఊళ్ళో ఏ ఇంటి గింజనీ నమ్మరు. ఆ పన్నెండిళ్ళకీ..."

"నూకరత్నానికి వస్తదా?"

"వస్తుంది. వాళ్ళ గోడ ఒక్క దెబ్బకే పడ్డానని చెప్పింది."

"దాని కోడలికి నెలలు నిండాయి," అంది వరహాలమ్మ.  బయట ఫణీంద్ర ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. సింహాద్రి తన పాదాలకేసి చూసుకుంటున్నాడు, ఎవరివో అన్నట్టు.

"ఉలి కింద పెట్టవే."

"పెద్దమ్మా..."

"పెట్టమన్నానా! మీ అమ్మ ఇంటి గురించి అబద్ధం రాశారనే కదా ఇదంతా చేశావు. నా ఇంటి గురించి నిజం రాస్తన్నారు. ఏడవకు. పోయి మొహం కడుక్కో, ఆ బాబు చూస్తాడు."

*

పన్నెండిళ్ళకీ బీమా వచ్చింది. పదమూడో ఇంటికి రాలేదు. నూకరత్నం కబురు తెలిసిన పూటే వచ్చి గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాలేక.

"నీ ఇల్లూ నా ఇల్లూ ఒకే ఇసక మీదుండేవి కదా వదినా. అదేం న్యాయం?"

"నీకు గుంట లేదు కదే."

ఆ మాట వీధులు దాటింది. సముద్రానికి ఇంకా అందని నాలుగో వీధిలో తొమ్మిది మగ్గాలున్నాయి. ఆ తొమ్మిది గుంటల్లోనూ అప్పటికే చెమ్మ. తోడితే గోడ వింటుంది. తోడకపోతే పడుగు నాని గంజి వదిలేస్తుంది. ఏం చెయ్యాలో ఎవరూ సభ పెట్టి చెప్పుకోలేదు. ఆ వారంలోనే ఒక్కొక్క ఇంట్లో మగ్గం విప్పేశారు, గుంటలో ఇసక నింపారు, పైన సిమెంటు మెత్తేశారు. గుంటే లేకపోతే గోడకి వినడానికేముంది? ఇసక వేస్తే నీరు ఆగదు, కనబడకుండా పోతుందంతే, రేపు ఇళ్ళు మీమీదే పడతాయి అని కుసుమ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ విన్నారు. తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం అన్నాడు, "గోడకి జ్ఞాపకం తెచ్చావమ్మా, సంతోషం. మా చేతులకున్నది పోయింది."

కుసుమ ఆ ఉద్యోగం వదల్లేదు. వదిలితే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకుంది. నీళ్ళు తోడుకోవడం నేరం కాదని బీమావాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. మరుసటేడు కాగితంలో వెనక పేజీకి ఒక కొత్త వాక్యం చేరింది. ఇంట్లో ఊరిన నీటిని తోడిపోసినట్టు గింజ ద్వారా తెలిస్తే ఆ ఇంటికి బీమా చెల్లదని.

అది తర్వాతి సంగతి. ఇప్పటికి, మిగిలిన ఆ గది ఎనిమిదిరోజుల్లో ఖాళీ చెయ్యాలని మండలాఫీసువాళ్ళు చెప్పి పోయారు. మగ్గం మీద చీర ఇంకా రెండు గజాలు నెయ్యాల్సి ఉంది. పడుగు మధ్యలో కొయ్యడం సింహాద్రి వంశంలో లేదు. ఇంట్లో మనిషి పోయినా సరే, దినాలయ్యాక వచ్చి ఆ చీర దించే వేరే పనికి పోతారు.

మర్నాడే తొలికోడికి వరహాలమ్మ చెంబు తీసుకుని గుంటలో దిగింది. నీళ్ళు మోకాళ్ళదాకా. గంటసేపు తోడింది. తోడినంతా తిరిగొచ్చింది. పైకొచ్చేసరికి సింహాద్రి మెలకువగా గట్టుమీద కూర్చుని ఆవిడకేసే చూస్తున్నాడు. ఎంతసేపైందో.

ఆవిడ బియ్యంసంచి లోపలి ప్లాస్టిక్ కవర్లు రెండు తెచ్చి ఆయన పాదాలకి తొడిగి, మోకాళ్ళ కింద పడుగునూలుతో బిగించి కట్టింది. ఒక కవరుకి అడుగున చిన్న చిల్లు. ఇద్దరూ చూశారు. ఇంకో కవరు లేదు.

తెల్లవారింది. విరిగిన కప్పులోంచి పడుగు మీద వెలుగు పడింది.

"గుంట పొడిగా ఉందా వరాలూ?" అన్నాడు సింహాద్రి.

"పొడిగానే ఉంది మావా. కూర్చో."

ఆయన కాళ్ళు నీళ్ళలోకి వదిలాడు. ఆవిడ పక్కన కూర్చుని తన కాళ్ళూ వదిలింది. పడుగులోంచి నాడె కదిలింది. వెనక గోడ విన్నది విన్నట్టు దాచుకుంటూనే ఉంది.